అబిద్ హసన్ సఫ్రానీ

పాఠశాలలలో జాతీయగీతము ముగిసిన పిదప బాలబాలికలు ఒక్క గొంతుతో పలుకు అభివాదము ఒకటి కలదు. సైనికుడు సైనికుని కలిసికొన్నపుడును, స్వాతంత్ర్యదినమున ప్రధానమంత్రి ఎఱ్ఱకోట మీదినుండి ఉపన్యాసమును ముగించునపుడును అదియే వినవచ్చును. 'జైహింద్' అను ఆ చిన్ని మాటను కూర్చినవాడుగా ప్రసిద్ధికెక్కినవాడు హైదరాబాదు నగరవాసియని చాలమంది యెఱుగరు. ఆయన పేరు అబిద్ హసన్ సఫ్రానీ. నగరము నడుమ నున్న ఆబిడ్స్ అను ప్రదేశమునకును ఈయనకును సంబంధము లేదు. ఆ పేరు ఆరవ నిజాము కొలువున నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అనునతనివలన వచ్చినది. ఈ అబిద్ హసన్ పేర సుప్రసిద్ధమైన వీధి యేదియు లేకపోయినను, ఆయన కూర్చిన మాట వినబడని వీధి దేశమున లేదు.

అబిద్ హసన్ 1911వ సంవత్సరమున హైదరాబాదునందు జన్మించెను. ఆయన పూర్తి పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. తండ్రి అమీర్ హసన్ నిజాము ప్రభుత్వమున ఉన్నతోద్యోగి. తల్లి హాజియా బేగము గాంధీ మహాత్మునియందు అచంచలమైన భక్తి కల విదుషి. సర్కారు కొలువుపై ఆధారపడిన కుటుంబము ఖద్దరు ధరించుటయే సాహసమనిపించుకొను ఆ దినములలో ఆమె విదేశీ వస్త్రములను విడనాడి, స్వదేశీ వ్రతమును ఇంటిలో ప్రవేశపెట్టెను. పెద్దకుమారుడు బద్రుల్ హసన్ సబర్మతికి పోయి, గాంధీజీ నడపుచున్న 'యంగ్ ఇండియా' పత్రికలో పనిచేసెను. ఇంటిలో ఉర్దూ, పారశీకము; వీధిలో తెనుగు, దక్కనీ; చదువున ఆంగ్లము. ఇన్ని భాషల నడుమ పెరిగిన బాలునకు ఒక భాషలోని భావమును మరియొక భాషలోనికి మార్చుట ఆటవంటి దయ్యెను. ఆ యాటయే ముందుముందు ఆయన జీవితమున కెల్ల ఆధారమైనది.

యౌవనమున అబిద్ హసన్ కళాశాలను వీడి సత్యాగ్రహమున ప్రవేశించెను, కారాగారవాసమును అనుభవించెను. విడుదలయైన పిదప ఇంజనీరింగు విద్య నభ్యసించుటకై జర్మనీకి పోయెను. ఇంగ్లండునకు పోక జర్మనీకి పోవుటయందు ఆనాటి దేశభక్త యువకుల మనఃప్రవృత్తి కానవచ్చును. పరిపాలకుల దేశమున చదువుటకంటె వేరొక దేశమున చదువుట మేలని వారు తలంచిరి. అయితే ఆయన చేరిన జర్మనీ హిట్లరు చేతిలోనికి పోయిన జర్మనీ.

ఆ దశాబ్దము రేడియో యుగమునకు తొలిప్రొద్దు. లండనులోని బి.బి.సి. 1932 డిసెంబరులో సామ్రాజ్య దేశములకై ప్రసారములను ఆరంభించెను. మరుసటి యేడు జర్మనీయును బెర్లిను సమీపమున గల జేసెన్ కేంద్రమునుండి ఖండాంతరములకు ప్రసారములు చేయసాగెను. మధ్యతరంగములు పుడమిని అంటుకొని కొంత దూరము మాత్రమే పోగలవు. హ్రస్వతరంగములు అట్లు కాదు. అవి మింటి కెగసి, చాలయెత్తున గల అయనావరణమున తగిలి, అద్దమునుండి వెలుగు మరలినట్లు మరల నేలకు దిగును. ఇట్లు ఒకటి రెండు గంతులలో సముద్రములను దాటును. బెర్లినులో పలికిన మాట హైదరాబాదులో వినవచ్చుటకు ఇదియే మర్మము. భారతదేశమున 1936లో ప్రభుత్వ ప్రసార సంస్థకు ఆల్ ఇండియా రేడియో అను నామకరణము జరిగెను. హైదరాబాదులో అంతకు ముందే, 1935లో, నిజాము ప్రభుత్వము రేడియో కేంద్రమును తన యాజమాన్యము క్రిందికి తెచ్చుకొనెను. 1938 జూన్‌లో మద్రాసు కేంద్రము వెలసి, తెలుగు ప్రసంగములు ఇంటింట వినిపింప సాగెను.

1939లో రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమయ్యెను. 1941 జనవరిలో సుభాష్ చంద్ర బోసు కలకత్తాలోని గృహనిర్బంధమునుండి మాఱువేషమున తప్పించుకొని, కాబూలు, మాస్కోల మీదుగా ఏప్రిల్ మొదట బెర్లిను చేరెను. అచ్చటి భారతీయ విద్యార్థులను ఆయన కలిసికొనినపుడు వారిలో అబిద్ హసన్ ఒకడు. చదువు ముగియవచ్చినది, పట్టమును గైకొని పిమ్మట దేశసేవకు వత్తునని ఆ యువకుడు తలంచెను. గొప్ప కార్యము నెదుట చిన్న లెక్కలు తగవని నేతాజీ నచ్చజెప్పగా, పుస్తకములను కట్టిపెట్టి ఆయన వెంట నడచెను. నాటినుండి నేతాజీకి కార్యదర్శియు, దుబాసియు అబిద్ హసనే.

1941 నవంబరు 2వ తేదీన బెర్లినులో స్వతంత్ర భారత కేంద్రము వెలసినది. మరుసటి జనవరిలో ఆజాద్ హింద్ రేడియో ప్రసారములు ఆరంభమయ్యెను. హాలెండులోని హూయిజెన్ వద్ద గల బలమైన ప్రసారయంత్రము ఆ మాటలను తూర్పునకు మోసికొని వచ్చెను. ఆంగ్లము, హిందూస్తానీలతోపాటు వంగము, తమిళము, పష్తో మొదలగు భాషలలో వార్తలును వ్యాఖ్యలును వెలువడుచుండెను. ఎ. సి. ఎన్. నంబియారు, గిరిజా ముఖర్జీ, ఎం. ఆర్. వ్యాస్ మొదలగు వారు అచ్చట పనిచేసిరి. యుద్ధరంగముల స్థితి యెట్లున్నది, అమెరికా వైఖరి యెట్లున్నది, ఈజిప్టున, ఇరాకున ఏమి జరుగుచున్నది, వీనివలన భారతదేశమునకు కలుగు లాభనష్టము లేవి—ఇవి ఆ ప్రసారముల విషయములు. అంతవరకు అంతర్జాతీయ వ్యవహారములను భారతీయులు లండను కన్నులతోనే చూచుచుండిరి. ప్రపంచ వార్తలకు భారతీయులే వ్యాఖ్యానము చెప్పుకొను ప్రయత్నములలో ఇది యొకటి.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానువారికి లొంగిపోయెను. నాలుగు దినముల పిదప, అనగా ఫిబ్రవరి 19న, సుభాష్ బోసు తన సొంత పేరుతో తొలిసారి రేడియోలో మాటలాడెను. సంవత్సరమునకు పైగా ఎచ్చటనున్నాడో తెలియని నాయకుని కంఠము వినబడుటతో దేశము పులకించినది. శత్రువుల ప్రసారములను వ్యాప్తి చేయుట ఆనాడు నేరము. అయినను తలుపులు మూసికొని, రేడియో ధ్వనిని తగ్గించి, చెవియొగ్గి వినువారు పెక్కురు. బ్రిటిషు ప్రభుత్వపు శ్రవణ కేంద్రములును ప్రతి మాటను శ్రద్ధతో వ్రాసికొనుచునే యుండెను.

ఆ మార్చి మాసమున జరిగిన సంఘటన యొకటి విద్యార్థులు జ్ఞప్తియందుంచుకొనదగినది. సుభాష్ బోసు విమాన ప్రమాదమున మరణించెనని లండనునుండి వార్త వెలువడెను. పత్రికలు దానిని ప్రచురించెను. గాంధీజీ బోసు మాతృమూర్తికి సంతాపసందేశమును పంపెను. అంతలో బెర్లినునుండి బోసే స్వయముగా రేడియోలో మాటలాడి తాను జీవించియున్నట్లు తెలిపెను. తంతివార్త, పత్రిక, ప్రభుత్వము—ఈ మూడును చెప్పినది అబద్ధమని ఒక్క కంఠధ్వని నిరూపించెను. దూరదేశమునుండి వచ్చు వార్తను ఎంతవరకు విశ్వసింపవలెను, ఎవరి నోట విన్నపుడు విశ్వసింపవలెను అను ప్రశ్న ఆ దినమున ప్రతి యింటను పుట్టినది. సర్ స్టాఫర్డ్ క్రిప్స్ రాయబారము ఢిల్లీలో సాగుచున్న దినములు అవియే. ఆ రాయబారమును గూర్చియు బోసు ఆకాశమార్గముననే తన సమాధానము నిచ్చెను.

అదే కాలమున లండనులో మరియొక రచయిత భారతదేశము వంక ముఖము త్రిప్పి మాటలు వ్రాయుచుండెను. ఆయన జార్జి ఆర్వెల్. బీహారులోని మోతీహారిలో 1903లో జన్మించినవాడు. 1941 ఆగస్టునుండి బి.బి.సి. తూర్పు విభాగమున ఉద్యోగియై, వారము వారము యుద్ధవార్తలపై సమీక్షలను రచించి భారతదేశమునకు ప్రసారము చేయించుచుండెను. సామ్రాజ్యవాదము నేవగించుకొను ఆ రచయిత సామ్రాజ్య ప్రభుత్వపు యంత్రమునుండి మాటలాడవలసి వచ్చినది. తన మాటలను వినువారు బహుస్వల్పమనియు, శ్రమ వృథాయగుచున్నదనియు తోచి, 1943 నవంబరులో ఆయన ఆ కొలువును వీడెను. పిమ్మట 'యానిమల్ ఫార్మ్' రచనకు పూనుకొనెను. బెర్లినులోని భారతీయులకును లండనులోని ఆర్వెలునకును నడుమ యుద్ధమే అడ్డుగా నిలిచినది. అయినను ఉభయుల చిక్కు ఒక్కటే. ఇరువురును పరుల యంత్రము ముందు కూర్చుండి తమ మనసులోని మాట చెప్పవలెనని యత్నించినవారు.

ఎరువు సొమ్మునకు వడ్డీ తప్పదు. ఎరువు యంత్రమునకును అంతే. స్వతంత్ర భారత కేంద్రము తన ప్రసంగములను తానే వ్రాసికొను స్వేచ్ఛను కోరి, చాలవరకు సాధించుకొనెను. హిట్లరు ప్రభుత్వమునకు ఊడిగము చేయుటకు తాము రాలేదని వారు తలంచిరి. కాని ఆతిథ్యమిచ్చిన ప్రభుత్వము యూదులను ఊచకోత కోయుచుండగా, రష్యాను దండెత్తి గ్రామములను దగ్ధము చేయుచుండగా, ఆ యంత్రమునుండి ఖండన వాక్యము ఒక్కటియు వెలువడలేదు. వెలువడుటకు వీలును లేదు. బ్రిటిషువారి దుష్టపాలనను గూర్చి ఆ రేడియో చెప్పిన దానిలో సత్యము మెండు. చెప్పక విడిచిన దానిలోను సత్యము మెండే. చరిత్రను చదువువారు ఈ రెండింటిని త్రాసునందుంచి తూచవలెను. దేశభక్తిని కొనియాడుటకై మౌనమును మరుగుపరుపరాదు. మౌనమును నిందించుటకై ఆ యువకుల త్యాగమును తుడిచివేయరాదు.

అబిద్ హసన్ కృషి రేడియో కేంద్రమునకు పరిమితము కాలేదు. ఉత్తరాఫ్రికా రణరంగమున జర్మనీవారికి చిక్కిన భారతీయ సైనికులనుండి స్వతంత్ర భారత దళమును నిర్మించుటకు నేతాజీ సంకల్పించెను. ఆ దళము దాదాపు 3,000 మంది వరకు పెరిగినది. బ్రిటిషు సైన్యమున సిక్కులు, రాజపుత్రులు, పంజాబు ముసల్మానులు వేఱువేఱు పటాలములుగా నుండెడివారు. ఒకరిని ఒకరు పలుకరించు తీరును వేఱే. క్రొత్త దళమున అన్ని మతములవారు ఒక్క పంక్తిని నిలువవలెను. ఒక్క మాటతో పలుకరించుకొనవలెను. ఆ మాటను కనుగొను భారము అబిద్ హసన్‌పై పడినది. కొన్ని మాటలను యోచించి విడిచిపెట్టిన పిదప, శిబిరమున ఇరువురు రాజపుత్ర సైనికులు 'జై రామ్‌జీ కీ' అని పలుకరించుకొనుట ఆయన చెవిని పడెనట. దానినుండి 'జై హిందుస్తాన్ కీ' అను మాట తట్టెను. కవాతు చేయువానికి అది పొడవు. దానిని కుదించగా 'జైహింద్' అయ్యెను. నేతాజీ దాని నామోదించెను. ఒక ముసల్మాను యువకుడు హిందూ సైనికుల పలుకరింపులోని లయను గైకొని, దైవము పేరున్న చోట దేశము పేరు నిలిపి, సర్వులకు సమ్మతమైన అభివాదమును సిద్ధము చేసెను. ఇది బహుళ ప్రచారమునందున్న వృత్తాంతము.

1943 ఫిబ్రవరిలో ఆయనకు రహస్యమైన పిలుపు వచ్చినది. గమ్యమేదో చెప్పలేదు. కీల్ రేవున యు-180 అను జర్మను జలాంతర్గామి నెక్కిన పిదపనే నేతాజీతో తూర్పునకు పోవుచున్నట్లు నిశ్చయముగా తెలిసినది. అది సుఖప్రయాణము కాదు. లోపల నిలుచుటకు చోటు లేదు. దుప్పట్లనుండి రొట్టెవరకు ప్రతి వస్తువును డీజిలు నూనె కంపు కొట్టుచుండెను. గిడ్డంగిలో బియ్యము, పప్పు కనుగొని అబిద్ హసన్ కిచిడీ వండగా, నేతాజీ జర్మను అధికారులకు సయితము పంచిపెట్టుచుండుటవలన సరకు త్వరలో నిండుకొనునని ఆయన వాపోయెడివాడట. పగలు రాత్రి తేడా తెలియని ఆ యినుప గుహలో నేతాజీ చెప్పుచుండగా ఆయన వ్రాయుచుండెను. బోసు రచించిన 'ది ఇండియన్ స్ట్రగుల్' గ్రంథమునకు సవరణలును ఆ ప్రయాణముననే సాగెను. జపాను ప్రధాని టోజోతో జరుపవలసిన సంభాషణను వారిరువురు ముందుగా అభ్యసించిరి. అబిద్ హసన్ టోజో పాత్ర వహించి ప్రశ్నలు వేయగా, నేతాజీ జవాబులు చెప్పుచుండెను.

దక్షిణాఫ్రికా తీరమున ఆ నౌక కార్బిస్ అను బ్రిటిషు చమురు ఓడను ముంచివేసెను. ఏప్రిల్ 28వ తేదీన మడగాస్కరు సమీపమున, కెరటములు ఎగసిపడుచున్న సముద్రమున, చిన్న రబ్బరు తెప్పపై ఇరువురును ఐ-29 అను జపాను జలాంతర్గామికి మారిరి. ఒక దేశపు జలాంతర్గామినుండి మరియొక దేశపు జలాంతర్గామికి నడిసంద్రమున ప్రయాణికులు ఇట్లు మారుట ఆ యుద్ధమున అపూర్వము. మే 6వ తేదీన సుమత్రా కొనయందలి సబాంగు చేరిరి. మూడుమాసముల ఆ ప్రయాణమున నేతాజీకి తోడుగా నున్న భారతీయుడు హైదరాబాదు యువకుడు ఒక్కడే.

1943 అక్టోబరు 21న సింగపూరున ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వము ఏర్పడెను. దానికొక గీతము కావలసివచ్చినది. రవీంద్రుని 'జనగణమన' సంస్కృత భూయిష్ఠమగుటచే సామాన్య సైనికునకు సులభముగా నుండుటకై హిందూస్తానీలో దాని ననుసరించి 'శుభ్ సుఖ్ చైన్' అను గీతమును సిద్ధపఱచిరి. ఆ రచనలో ముంతాజ్ హుస్సేనుతోపాటు అబిద్ హసన్ చేయి కలదు. రామ్ సింగ్ ఠాకురి దానికి సంగీతమును కూర్చెను. తూర్పు ఆసియానుండి కూడ రేడియో ప్రసారములు సాగెను. 1944 జూలై 6న గాంధీజీ నుద్దేశించి చేసిన ప్రసారమున నేతాజీ ఆయనను జాతిపితగా సంబోధించెను. ఆ సంబోధన దేశమున స్థిరపడుటకు దోహదము చేసినవానిలో రేడియో యొకటి.

ఆ యేడు ఇంఫాలు రంగమున అబిద్ హసన్ సైన్యాధికారిగా పోరాడెను. వానలు, ఆకలి, మలేరియా—ఈ మూడును తుపాకులకంటె ఎక్కువమందిని బలిగొనెను. ఆ వెనుకంజ వేసిన సైనికుల ధైర్యమును గూర్చి ఆయన పిమ్మట ఒక వ్యాసమును రచించెను. సఫ్రానీ అను మాట ఆయన పేరున చేరిన కథయు ఈ ఉద్యమమునకు సంబంధించినదే. పతాకమున ఏ రంగు ఉండవలెనని వివాదము రాగా, కొందఱు కాషాయమును, కొందఱు ఆకుపచ్చను కోరిరట. చివరకు హిందువులు తమ పట్టును విడిచిరట. వారి యౌదార్యమునకు ప్రతిగా అబిద్ హసన్ కుంకుమపువ్వు వన్నెను తన పేరుననే నిలుపుకొనెను. అది ఆయన మరణించువరకు తొలగలేదు.

1945 ఆగస్టు 17న సైగాను విమానాశ్రయమున నేతాజీకి వీడ్కోలు పలికినవారిలో అబిద్ హసన్ ఉండెను. విమానమున మరియొకరికి మాత్రమే చోటు దొరకినది. ఆ చోటు కర్నల్ హబీబుర్ రహమాన్‌కు లభించెను. మరునాడు ఫార్మోసా ద్వీపమున ఆ విమానము కూలిపోయినది. వెనుకబడినవారు బందీలైరి. 1946లో విడుదలయై స్వదేశమునకు తిరిగివచ్చినపుడు అబిద్ హసనునకు ముప్పదియైదేండ్లు. చేతిలో పట్టము లేదు, నాయకుడు లేడు.

1948 సెప్టెంబరు 17న నిజాము తన రేడియోలో మాటలాడి పోరు విరమణను ప్రకటించెను. భారత సేనలు షోలాపురమునుండి జహీరాబాదు, సంగారెడ్డి మార్గమున హైదరాబాదు వైపు వచ్చుచున్న దినములవి. ఆ యేడే అబిద్ హసన్ సఫ్రానీ భారత విదేశాంగ సేవయందు చేరెను. ఈజిప్టు, డెన్మార్కు మొదలగు దేశములలో భారత ప్రతినిధిగా పనిచేసెను. పరుల యింట నిలిచి, పరుల యంత్రముతో దేశము పేరు పలికినవాడు ఇప్పుడు స్వదేశ పతాకము క్రింద అదే పేరును పలుకుచుండెను. 1969లో విరమించి హైదరాబాదున స్థిరపడెను. 1984లో తన 73వ యేట కన్నుమూసెను.

హైదరాబాదు రేడియో 1950 ఏప్రిల్ 1న ఆల్ ఇండియా రేడియోలో లీనమయ్యెను. నగరమునుండి పడమటికి పోవు రహదారిపై పటాన్‌చెరు వద్ద 1972లో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ వెలసినది. చుట్టును కర్మాగారములు లేచినవి. నానాదేశముల శాస్త్రజ్ఞులు జొన్న, కంది, సెనగ పైరుల నడుమ తిరుగాడిరి. అదే రహదారిపై ఇంకను ముందునకు పోయినచో జహీరాబాదు దాపున మాచునూరు గ్రామము కలదు. అచ్చట 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారములు ఆరంభమయ్యెను. దానిని నడిపినవారు సేద్యము చేసికొను దళిత స్త్రీలు. విత్తనము, వాన, పాట, పండుగ వారి ప్రసంగ విషయములు. ఆ కేంద్రపు ధ్వని కొలదిమైళ్లకు మించి వినబడదు. కాని దాని ముందు కూర్చున్నవారు చెప్పదలచిన దానిని మరియొకని యనుమతికై దాచుకొనవలసిన పని లేదు. బెర్లినులోని యంత్రము ఖండములను దాటినది. దానికి ఆ స్వేచ్ఛ యుండలేదు. ఉపాధ్యాయులు తమ తరగతిలో 'జైహింద్' పుట్టుకను చెప్పునపుడు, ఆ మాట యే యంత్రమునుండి తొలుత ప్రపంచమునకు వినబడెనో, ఆ యంత్రము ఎవరిదో కూడ చెప్పిరేని పాఠము సంపూర్ణమగును.